దస్తీ వెయ్యని సీటు

నల్లగొండ బస్‌స్టాండులో సీటు సంపాదించటం ఒక విద్య. బస్సు ఇంకా పూర్తిగా ఆగక ముందే దాని వెంట నాలుగడుగులు పరుగెత్తి, కిటికీలోంచి దస్తీ లోపలికి విసరాలి. అది సీటు మీద పడిందా, ఆ సీటు మీదే. తరువాత తీరికగా ఎక్కి, దస్తీ తీసి దులుపుకుని కూర్చోవచ్చు. ఈ ధర్మం ఏ చట్టంలోనూ లేదు. అయినా పోలీసు జవానైనా, పట్వారీ మనుమడైనా, దస్తీ ఉన్న సీటులో మరొకడు కూర్చోడు. కూర్చుంటే బస్సంతా ఒక్కటై లేపుతుంది.

నేను ముప్పయి యేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి, ఆ ముప్పయి యేళ్ళూ ఈ విద్యలో ఉత్తీర్ణుడనవుతూ వచ్చినవాణ్ణి. అందుచేత దస్తీ వెయ్యకుండా, అడగకుండా, పరుగెత్తకుండా ఒక సీటు దానంతటది నడిచి వచ్చి నా ఒళ్ళో కూర్చున్న సంగతి ఈ వారం మీకు చెప్పాలి. అది మామూలు సీటు కాదు, విమానంలో బిజినెస్ క్లాసు సీటు. చెప్పిన తరువాత మీరు నన్ను మెచ్చుకోరని ముందే తెలుసు. అయినా చెప్పక తప్పదు.

మా అమ్మాయి అమెరికాలో డల్లాసులో ఉంటున్నది. తొలి కాన్పు. తల్లి రాక తప్పదంది. తల్లితో పాటు తండ్రి కూడా వస్తే సామాను మోయటానికి పనికి వస్తాడని అల్లుడు అన్నాడు కాబోలు, ఇద్దరికీ పిలుపు వచ్చింది. నా వీసా ముందు వచ్చింది. ఆవిడది రావటానికి మరో పదిహేను రోజులు పట్టింది. పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, బడి సర్టిఫికెట్‌లో మరొక ఇంటిపేరు ఉండటం వల్ల వచ్చిన చిక్కది. మన ఆడవాళ్ళందరికీ తెలిసిన కథే గనుక దాన్ని పెంచను. టిక్కెట్ల ధర పెరిగిపోతున్నదని అల్లుడు నా టిక్కెట్టు ముందే కొనేశాడు. ఏదో సభ్యత్వం నంబరు కూడా నా పేర రాయించి అందులో వేశాడు. ఆవిడ టిక్కెట్టు తరువాత విడిగా కొన్నాడు. సభ్యత్వం సంగతి ఎవరికీ జ్ఞాపకం రాలేదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి. కథకు మూలం అవే.

మా ఆవిడ పుట్టిల్లు మర్రిగూడ దిక్కున ఒక పల్లె. ఆ మాట అంటే మా జిల్లావాళ్ళకు వేరే వివరం అక్కరలేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ మెట్ట నేలల్లో బావి నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగటానికి పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడి బావులు దానికి ఎన్నో రెట్లు చూపించాయి. ఆ నీళ్ళు తాగి పెరిగితే ముందు పళ్ళు గారపడతాయి. తరువాత కీళ్ళ దగ్గర నరాల్లాంటి కట్లన్నీ గట్టిపడి, వెన్నూ మోకాళ్ళూ కర్రల్లా బిగుసుకుపోతాయి. పటికా సున్నమూ కలిపి నీళ్ళల్లో ఫ్లోరైడు తగ్గించే ఒక పద్ధతికి శాస్త్రజ్ఞులు ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ఆ విధంగా దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కటం మాకు గర్వకారణమో కాదో మీరే చెప్పాలి. తరువాత మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణ నీళ్ళు ఆ ఊళ్ళకు చేరాయి, సంతోషమే. కాని ఒకసారి బిగిసిన ఎముక మంచినీళ్ళు తాగినంత మాత్రాన వదలదు. మా ఆవిడ నడుస్తుంది, వండుతుంది, నన్ను కసురుతుంది, అన్నీ చేస్తుంది. కాని ఒకచోట రెండు గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే మాత్రం, లేవటానికి మరొకరి చెయ్యి కావాలి.

అందుకని ఆవిడకు వీల్‌చైర్ కావాలని టిక్కెట్టులోనే రాయించాడు అల్లుడు. ఈ వీల్‌చైర్ల సంగతి శంషాబాదులో చూసి తీరాలి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి మారిన తరువాత ఎన్ని వేలమంది తెలుగు తల్లిదండ్రులు ఆ చక్రాల కుర్చీల్లో అమెరికా వెళ్ళి ఉంటారో! అందులో సగంమందికి కాళ్ళు శుభ్రంగా ఉంటాయి, లేనిది ఇంగ్లీషు. కుర్చీ తోసే కుర్రాడు దారి చూపిస్తాడు, కాగితాలు చూపిస్తాడు, తప్పిపోకుండా విమానం తలుపు దాకా చేరుస్తాడు. నేను మాత్రం నడిచే వెళ్ళాను. నాకు ఇంగ్లీషు రాదని కాదు, నాకు వచ్చిన ఇంగ్లీషు అవతలివాళ్ళకు రాదు.

హైదరాబాదు నుంచి దుబాయికి నాలుగు గంటల ప్రయాణం. అక్కడ విమానం మారి డల్లాసుకు పదహారు గంటలు. మొదటి విమానంలో మాకు వచ్చినవి కిటికీ సీటూ, నడిమి సీటూ. నడవా పక్క సీటులో పాతికేళ్ళ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. దుబాయికి సెంట్రింగు పనికి పోతున్నాడట. ఊరు మక్తల్ దిక్కు. మా ఆవిడ రెండు సీట్ల మధ్య నుంచి లోపలికి పోలేక నిలబడటం చూశాడు. నేను ఇంకా పెట్టె పైకెత్తే ప్రయత్నంలోనే ఉన్నాను.

“ఈడ కూసో పెద్దమ్మా. కాలు బైటికి సాపుకోవచ్చు. నేను లోపటికి పోత” అని లేచి, తాను పోయి కిటికీ దగ్గర కూర్చున్నాడు. అంతే, ఇంకొక మాట లేదు.

విమానం పైకి లేచిన తరువాత అతనితో మాటలు కలిశాయి. పాలమూరు మనిషి అనగానే నాకు నాగార్జునసాగరు జ్ఞాపకం వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి పునాదిరాయి వేశారు. అంత పెద్ద రాతికట్టడాన్ని లేపిన చేతుల్లో పాలమూరు కూలీల చేతులు ఎన్నో ఉన్నాయి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలకు కుటుంబాలను లారీలెక్కించి తీసుకుపోయేవాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినిపించేది. ఆ కుర్రాడి తాత కూడా సాగరు కట్టకు రాళ్ళు మోసినవాడేనట.

“తాత లారీల పోయిండు సారు. నాయిన బొంబాయి బస్సుల పోయిండు. నేను ఇమానంల పోతున్న” అన్నాడు నవ్వుతూ. “మా ఇంట్ల సీటు మంచిగయితాంది.”

నేనూ నవ్వాను. ఆ తాత మోసిన రాళ్ళతో కట్టిన ఆనకట్ట నుంచి ఎడమ కాలువ మిర్యాలగూడ దిక్కుకు పారింది. మర్రిగూడ మెట్టకు ఎక్కలేదు. ఆ సంగతి తెలిసిన మా ఆవిడ మాత్రం నవ్వలేదు. సంచిలోంచి నాలుగు సకినాలు తీసి అతని చేతిలో పెట్టింది.

దుబాయిలో అతను దిగిపోయాడు. మేము మూడు గంటలు కాచుకుని డల్లాసు విమానం గేటుకు చేరాము. వీల్‌చైర్లను ముందు పంపిస్తారు. మా ఆవిడ కార్డు యంత్రం మీద పెట్టారు, పచ్చదీపం వెలిగింది, కుర్చీ లోపలికి సాగింది. వెనుక నా కార్డు పెట్టాను. ఎర్రదీపం వెలిగి యంత్రం కీచుమంది.

నా గుండె జారింది. కాగితాల్లో ఏ తప్పు దొరికిందో అనుకున్నాను. బల్ల వెనుక అమ్మాయి తెరలోకి చూసి, నా కార్డు చించి, మరొక కార్డు చేతిలో పెట్టి “కంగ్రాట్యులేషన్స్ సార్” అంది. వెనుక సీట్లకన్న ఎక్కువ టిక్కెట్లు అమ్ముడుపోయాయట. అందుచేత నన్ను పై తరగతికి మార్చారట. పైసా ఇవ్వనక్కర లేదట.

“నా భార్య?” అన్నాను.

ఆ అమ్మాయి మళ్ళీ తెరలోకి చూసింది. ఆవిడ టిక్కెట్టు వేరు, నా టిక్కెట్టు వేరు. యంత్రం లెక్కలో నేను ఒంటరి ప్రయాణీకుణ్ణి. పైగా సభ్యుణ్ణి. పైన ఉన్నది ఒక్కటే సీటు.

కుర్చీ ఆపించుకుని మా ఆవిడ వెనక్కి తిరిగి చూస్తున్నది. సంగతి చెప్పాను.

“మీరు పోండ్రి. నాకేమైతది? ఈడ అందరు మనుషులే గద” అంది.

ఆ క్షణంలో నేను ఆ అమ్మాయిని ఒక్క ముక్క అడిగి ఉండవలసింది: ఆ సీటు ఆవిడకే ఇవ్వండమ్మా అని. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. అడగలేదు. ‘ఆవిడే పొమ్మన్నది కదా’ అని మనసులో అనుకున్నాను. మన మగవాళ్ళకు ఈ వాక్యం ఎంత సౌకర్యమైనదో చదువరులైన గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు.

బిజినెస్ క్లాసులో కూర్చున్నాను. కూర్చున్నాను అనటం తప్పు, దాంట్లో మునిగాను. కాళ్ళు చాపితే ముందు గోడ తగలలేదు. ఒక అమ్మాయి వచ్చి పళ్ళెంలో ఆవిర్లు కక్కుతున్న తెల్లటి ఉండ్రాయి వంటిది చిమ్టాతో పట్టి ఇచ్చింది. కుడుము కాబోలు, ఎంత మర్యాద అనుకుని నోటి దాకా తీసుకుపోయాను. అదృష్టవశాత్తూ పక్క సీటు పెద్దమనిషి తనదానితో మొహం తుడుచుకుంటూ కనిపించాడు. అది వేడినీళ్ళలో తడిపిన తువ్వాలు! సీటు పక్కన బొత్తాలు వరసగా ఉన్నాయి. ఒకటి నొక్కితే దీపం వెలిగింది, మరొకటి నొక్కితే వీపు కింద ఏదో కదిలింది, మూడవది నొక్కగానే సీటు నన్ను తీసుకుని మెల్లగా పడుకుంది. బొత్తం వదిలితే ఆగుతుందని తెలియక, పూర్తిగా మంచమయ్యేదాకా నొక్కే ఉంచాను.

తరువాత బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి భోజనం పెట్టారు. గాజు గ్లాసులో నీళ్ళు. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే నింపారు. మనిషి జన్మ ఎత్తినందుకు ఈ సుఖమొకటి బాకీ ఉండిపోయింది, అదీ తీరిందనుకున్నాను. దుప్పటి కప్పుకుని నిద్రపోయాను.

ఈ ఉచితపు సీటు ఎలా వస్తుందో తరువాత అల్లుణ్ణి అడిగి తెలుసుకున్నాను. లెక్కల మాస్టారుకు నచ్చే సంగతి గనుక మీకూ చెబుతాను. విమానంలో 300 సీట్లున్నాయనుకోండి. టిక్కెట్టు కొన్నవాళ్ళందరూ రారు. ఒకరికి జ్వరం, ఒకరికి పని, ఒకరికి ముందు విమానం ఆలస్యం. ప్రతిసారీ పదిమంది దాకా రావటం లేదని అనుభవం చెబితే, కంపెనీ 310 టిక్కెట్లు అమ్ముతుంది. లెక్క కుదిరిన రోజు అందరూ సుఖంగా పోతారు. తప్పిన రోజున, అంటే 305 మంది వస్తే, అయిదుగురు ఎక్కువ. పై తరగతిలో ఖాళీలుంటే కొందరిని అక్కడికి ఎక్కిస్తారు. ఎవరిని? సభ్యత్వం ఉన్నవారిని, టిక్కెట్టుకు ఎక్కువ ధర ఇచ్చినవారిని, జంటకాని ఒంటరివారిని. ఎవరి మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయన్న గడి ఆ లెక్కలో లేదు.

అసలీ తరగతుల చరిత్ర కూడా చిత్రమైనది. 1948 జూన్ 8న ఎయిరిండియా వారి ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండనుకు మొదటిసారి బయల్దేరినప్పుడు అందులో ఉన్నది 35 మంది ప్రయాణీకులు. అప్పటికి మా నల్లగొండ నిజాం రాజ్యంలోనే ఉంది. ఆ రోజుల్లో విమానమంటే కలవారి వాహనం. 1952లో అట్లాంటిక్ మహాసముద్రం మీద తక్కువ ధర టూరిస్టు క్లాసు పెట్టారు. 1958లో ఇంకా తగ్గించి ఎకానమీ క్లాసు అన్నారు. సీట్లు దగ్గర దగ్గరగా జరిపినకొద్దీ మనబోటివాళ్ళకు విమానం అందుబాటులోకి వచ్చింది. 1970ల చివరలో, నిండు ధర ఇచ్చి పనుల మీద తిరిగేవాళ్ళు, తక్కువ ధరకు విహారానికి పోయేవాళ్ళ పక్కన కూర్చోవటమేమిటని సణిగితే, వారికని బిజినెస్ క్లాసు వచ్చింది. అంటే ఆ తెర వేసింది కాళ్ళు చాపుకోవటానికే కాదు, పక్కవాడు కనబడకుండా ఉండటానికి కూడా.

ఆ తెర నేను ఆరు గంటల తరువాత తీశాను.

మెలకువ వచ్చి చూస్తే దీపాలన్నీ ఆర్పి ఉన్నాయి. నోరెండినట్లనిపించి గ్లాసు అందుకున్నాను. గ్లాసు నిండుగా ఉంది. అప్పుడు, ఎందుకో, ఆవిడ నీళ్ళు తాగిందా అనిపించింది. లేచి, తెర తప్పించుకుని వెనక్కి నడిచాను. నడవాకు అటూ ఇటూ మూడేసి, మధ్యలో నాలుగు, వరసకు పదిమంది. తలలు ఒకరి భుజాన ఒకరు వాల్చి నిద్రపోతున్నారు. నాకు ముందు ఇచ్చిన నడవా సీటు ఖాళీగా ఉంటుందని నేను ఊహించుకున్నాను. ఎక్కువ టిక్కెట్లు అమ్మారు కనుకనే కదా నన్ను ఎక్కించింది! ఆ సీటులో ఒక భారీ మనిషి, తెల్లవాడు, కళ్ళకు గుడ్డ కట్టుకుని నిద్రపోతున్నాడు. నడిమి సీటులో మా ఆవిడ కళ్ళు తెరుచుకుని కూర్చుని ఉంది. ముందు సీటు వీపు వెనక్కి వాలి ఆవిడ మోకాళ్ళను తాకుతున్నది. ముందరి జేబులో నీళ్ళ సీసా, మూత తీయకుండా ఉంది.

“లేవలేదా?” అన్నాను.

“ఎట్ల లేవాలె? ఆయన పండుకుండు. ఏమని లేపాలె?”

“నీళ్ళన్నా తాగలేదేం?”

“తాగితే లేవాలె గద” అంది.

ఆ మాట చాలా మామూలుగా అంది. చిన్నతనాన నీళ్ళ కోసం కోసుల దూరం నడిచి, ఆ నీళ్ళే ఎముకల్లో చేరితే భరించి, ఇప్పుడు చేతికందే నీళ్ళను ఒక అపరిచితుడి నిద్ర చెడుతుందని ముట్టకుండా ఆరు గంటలు కూర్చుంది. నేను తెర అవతల గ్లాసు మీద గ్లాసు తాగి పడుకున్నాను.

ఆ తెల్లవాడి భుజం తట్టాను. కళ్ళ గుడ్డ తీసి చూసి, మా ఆవిడను చూసి, “సారీ, సారీ” అంటూ ఒక్క ఉదుటున లేచి నడవాలో నిలబడ్డాడు. మంచి మనిషి. అడిగితే మొదటి గంటలోనే లేచేవాడు. అడగటానికి ఆవిడకు భాష లేదు. అడగవలసిన నేను అక్కడ లేను.

ఆవిడను రెండు చేతులా పట్టి లేపటానికి చాలాసేపు పట్టింది. మోకాళ్ళు విడలేదు. మెల్లగా స్నానాల గది దాకా నడిపించాను. అక్కడ నిలబడి ఉన్న ఎయిర్ హోస్టెస్‌కు నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడి సంగతి చెప్పాను. నా సీటు ఈమెకు, ఈమె సీటు నాకు. ఆ అమ్మాయి మా ఇద్దరి కార్డులూ తీసుకుని పెద్దావిడ దగ్గరకు వెళ్ళింది. పెద్దావిడ కాగితంలో ఏదో దిద్దుకుని వచ్చి, నాతో మాట్లాడకుండా మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అంత సులువైన పని! గేటు దగ్గర ఒక నిమిషంలో అయ్యేది.

“మీ పేరు మీద ఇచ్చిండ్రు గద. ఏమన్న అంటరేమో” అని మా ఆవిడ వెనకాడింది.

నాకు అప్పుడు మా ఇంటి కాగితాలన్నీ కళ్ళముందు తిరిగాయి. పొలం పాసుబుక్కు నా పేర. ఇంటి పన్ను నా పేర. కరెంటు బిల్లు నా పేర. బాంకు లాకరు నా పేర. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చి, రేషన్ కార్డుకు ఇంట్లో పెద్ద వయసు స్త్రీయే యజమానురాలని రాసింది. నిజంగా రాయవలసి వచ్చేదాకా ఒక్క కాగితంలోనైనా ఆడదాని పేరు ముందుండాలని మన మగవాళ్ళకు తోచలేదు. సభ్యత్వం ఫారంలో ఆవిడ పేరు లేకపోవటానికి అల్లుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. అతను మా ఇంటి ఆచారాన్నే పాటించాడు.

ఆవిడకు బొత్తాలు చూపించి, పడుకోబెట్టి, దుప్పటి కప్పి వచ్చాను. వెన్ను నిటారుగా పడుకోదు గనుక పక్కకు తిరిగి, కాళ్ళు కొంచెం ముడుచుకుని పడుకుంది. నేను తెర దాటేలోగా నిద్రపోయింది.

మిగిలిన పది గంటలు ఆ నడిమి సీటులో కూర్చున్నాను. వెడల్పు సుమారు 17 అంగుళాలు; ముందు సీటుకూ నా సీటుకూ మధ్య దూరం సుమారు 32 అంగుళాలు. లెక్కల మాస్టారును గనుక జేనతో కొలిచి చూశాను. గంటకొకసారి ఆ తెల్లవాడు తనంతట తానే లేచి, నడవమని నాకు దారి ఇచ్చాడు. 4 గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల్లో కాలి నరాల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ప్రమాదం మొత్తం మీద చిన్నదే, సుమారు 6,000 మందిలో ఒకరికి. విమానమే కాదు, బస్సూ రైలూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆ కుర్రాడి తండ్రి బొంబాయి బస్సులో కూర్చున్న రాత్రులన్నీ నాకు జ్ఞాపకం వచ్చాయి. ఆ లెక్క ఎవరు కట్టారు?

ఇక, ఈ శీర్షిక చదివి అమెరికా ప్రయాణం కట్టబోయే తల్లిదండ్రులకు నాలుగు పనికివచ్చే ముక్కలు. భార్యాభర్తల టిక్కెట్లు ఒకే బుకింగులో ఉండేట్లు చూడండి. విడిగా కొనవలసి వస్తే, రెంటినీ జతచెయ్యమని కంపెనీకి చెప్పించండి. సభ్యత్వం ఇద్దరి పేరా రాయించండి. దానికి డబ్బు అక్కరలేదు. కాళ్ళనొప్పులున్నవారికి నడవా సీటు ముందే అడిగి పెట్టించండి. ఇంగ్లీషు రానివారి చేతికి “దయచేసి దారి ఇవ్వండి, నేను లేవాలి” అని ఇంగ్లీషులో రాసిన చీటీ ఒకటి ఇవ్వండి. మా అమ్మాయి తరువాత వాళ్ళమ్మకు అదే రాసి ఇచ్చింది. నీళ్ళు మానవద్దు.

హక్కుల సంగతి కూడా కొంచెం తెలిసి ఉండటం మంచిది. టిక్కెట్టు ఉండీ సీటు లేదని మన దేశంలో విమానం ఎక్కనివ్వకపోతే, కంపెనీ ముందుగా తమంతట తాము ఆగేవారెవరైనా ఉన్నారా అని అడగాలి. ఎవరూ లేక మిమ్మల్ని ఆపితే, గంటలోగా బయల్దేరే మరొక విమానం చూపకపోతే పరిహారం ఇవ్వాలి. 2016లో పౌర విమానయాన డైరెక్టరేటు సవరించిన నిబంధనల్లో అది 24 గంటల్లోపు విమానమైతే 10,000 రూపాయల దాకా, ఆ పైన అయితే 20,000 దాకా అని ఉంది. కొన్న తరగతి నుంచి కింది తరగతికి దించితే, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, విదేశీ ప్రయాణంలో దూరాన్ని బట్టి టిక్కెట్టు ఖర్చులో 30, 50, లేక 75 వంతుల శాతం తిరిగి ఇవ్వాలి. దించితే లెక్క ఉంది గాని, ఎక్కిస్తే లెక్క లేదు. ఎక్కించటం వారి దయ. ఆ దయ ఎవరికి చెందాలన్నది మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.

డల్లాసులో దిగాము. నా మోకాళ్ళు పట్టేసి, నేనే వీల్‌చైర్ కోసం చూశాను. మా ఆవిడ మొహం తేటగా ఉంది. అమ్మాయి తల్లిని కౌగలించుకుని, “ప్రయాణం ఎట్లయింది అమ్మా?” అని అడిగింది.

“మీ నాయిన నాకు మంచి సీటు ఇప్పిచ్చిండు బిడ్డా. పండుకొనే వచ్చిన” అంది.

మొదటి ఆరు గంటల మాట ఎత్తలేదు. ఆరోజూ ఎత్తలేదు, మనుమరాలి పురుడయిన తరువాతా ఎత్తలేదు, ఇల్లు చేరిన తరువాతా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పుకుని ఊరుకునేవాణ్ణి. ఎత్తలేదు గనుకనే మీకు చెప్పుకుంటున్నాను.

మొన్న మర్రిగూడలో పెళ్ళికి పోతూ నల్లగొండ బస్‌స్టాండుకు వెళ్ళాము. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేని ప్రయాణం మొదలైనప్పటి నుంచి బస్సుల్లో సందడి పెరిగింది. సీటు దొరకటం మరింత గొప్ప సంగతయింది. నా పాత విద్య నన్ను మరిచిపోలేదు. బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తి దస్తీ విసిరాను. తలుపు పక్కనే, కాలు చాపుకోవటానికి వీలున్న సీటు మీద పడింది.

మా ఆవిడ ఎక్కి, దస్తీ దులిపి, నా చేతికిచ్చి కూర్చుంది. నేను చండూరు దాకా నిలబడే పోయాను.